సిల్వియా పాంక్‌హర్స్ట్ - చెరసాల పతకము

రజతోత్సవ సంచికలో ఒక వెండినగ చరిత్ర యుండుట తగునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆ నగ మన యాడపడుచుల కంటె వంటిది కాదు. దుస్తులకు గ్రుచ్చుకొను చిన్న పతకము. దానిని రూపొందించినది ఇంగ్లండు దేశపు రచయిత్రియు, చిత్రకారిణియు నగు సిల్వియా పాంక్‌హర్స్ట్. స్త్రీలకు ఓటుహక్కు కోరి చెరసాలకు పోయి వచ్చినవారికే దాని నిచ్చెడివారు.

సిల్వియా 1882లో మాంచెస్టరు నగరమున జన్మించెను. ఆమె తల్లి ఎమ్మెలైన్ 1903లో ఆ నగరముననే ఓటుహక్కు సంఘమును స్థాపించెను. లండనులో చిత్రకళ నభ్యసించిన సిల్వియా తన కుంచెను ఆ యుద్యమమునకే వినియోగించెను. 1906 అక్టోబరులో ఆమె తొలిసారి హాలోవే చెరసాలకు పోయెను. అచ్చటి ఖైదీల బట్టలపై బాణపు ములికి వంటి ముద్ర యుండెడిది. ఇది ప్రభుత్వపు సొత్తు అని దాని యర్థము. మనిషి తొడిగిన బట్టపై అట్టి ముద్ర యుండుట ఎంతటి తలవంపో చెప్పనక్కరలేదు.

సిల్వియా ఆ ముద్రనే నగగా మార్చెను. కోటవాకిట పైనుండి దిగు ఇనుప ఊచల తలుపు ఆ పతకపు ఆకారము. ఇరుప్రక్కల గొలుసులు వ్రేలాడుచుండును. అది బ్రిటిషు పార్లమెంటు చిహ్నము. స్త్రీలకు మూయబడిన తలుపు అదియే గదా! ఆ తలుపుమీద ఖైదీల బాణపుగుర్తును ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల మీనాపనితో నిలిపెను. అవి వరుసగా ఆత్మగౌరవమునకు, నిర్మలతకు, ఆశకు గుర్తులుగా 1908లో సంఘమువారు ఏర్పరచుకొన్న రంగులు. 1909 ఏప్రిలులో లండను ఆల్బర్టు హాలు సభలో ఈ పతకములను మొదట పంచిరి. మూసిన తలుపును, దానిని తట్టినందుకు పడిన శిక్షను ఒక్క వెండిరేకుపై చేర్చుటలోనే ఆమె ప్రతిభ నాకు కనిపించుచున్నది. పది యుపన్యాసములు చేయలేని పనిని అది చేసినది.

ఆ యేడే చెరసాలలో నిరాహారదీక్షలు మొదలైనవి. అధికారులు రబ్బరు గొట్టములతో బలవంతముగా ఆహార మెక్కించిరి. 1913లో సిల్వియాయు ఆ యాతన ననుభవించెను. ఇంత చేసినను, 1914లో తల్లి నడపు సంఘమునుండియే ఆమె తొలగింపబడెను. తూర్పు లండను కూలిస్త్రీలను కూడగట్టి, కార్మికోద్యమముతో చెలిమి చేయుటయే ఆమె నేరము! ఆమె వెనుదీయక, ఆ యేటనే వారికొరకు పత్రిక నెలకొల్పెను. 1918లో ముప్పదేండ్లు నిండి, ఆస్తి యర్హతగల స్త్రీలకు మాత్రమే ఓటు లభించెను. కూలిస్త్రీలలో ఎందరో మరి పదేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1928లో గాని పురుషులతో సమానముగా 21 ఏండ్లకే హక్కు రాలేదు. ఆ పోరాటపు కథను సిల్వియా 1931లో పెద్ద గ్రంథముగా వెలువరించెను. అంతకుముందే, 1926లో, భారతదేశమును గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము బొంబాయిలో అచ్చయ్యెను.

ఇటలీ ఆక్రమణకు గురియైన ఇథియోపియా పక్షమున ఏండ్ల తరబడి కలము నడిపి, 1956లో ఆ దేశమునకే తరలిపోయెను. 1960లో ఆడిస్ అబాబాలో మరణించెను. ఆ పతకములు లండన్ మ్యూజియమున భద్రముగా నున్నవి. హాలోవే చెరసాల 2016లో మూతపడినది.