పంటిపోటు - శమనోపాయముల చరిత్ర

మన దేశపు వైద్యచరిత్రను వ్రాసినవారు జ్వరములను, మశూచికమును, విషూచిని గూర్చి విస్తారముగ వ్రాసిరి. ఏ తరమునందును, ఏ ఇంటను తప్పని పంటిపోటును గూర్చి వ్రాసినవారు అరుదు. ప్రాణము తీయని బాధ చరిత్ర కెక్కదగినది కాదను భావము దీనికి హేతువు కావచ్చును. అది ప్రాణము తీయనిదనుట కూడ నిజము కాదని ముందు చూడగలము. నొప్పి పుట్టిన క్షణమునకును, పన్ను వైద్యుని చేతికి చిక్కిన క్షణమునకును నడుమ మనుష్యుడు ఏమి చేసెను? అందులో నిజముగ బాధను తగ్గించిన దేది? తగ్గించినట్లు తోచి మోసగించిన దేది? ఈ ప్రశ్నలను మేమీ వ్యాసమున విచారింపదలచితిమి.

విచారణకు మొదటి ఆకరము భాష. పంటిబాధకు తెలుగున గల మాటలు ఒకే యర్థమునకు పర్యాయపదములు కావు. పులుపు తిన్నపుడు "పండ్లు పులిసిన"వందురు. చన్నీరు తగిలినపుడు పన్ను "జివ్వుమన్న"దందురు. నాడితో పాటు లయగా కదలు బాధ "సలుపు". కత్తి దిగినట్లు వచ్చునది "పోటు". ఈ పోటు శబ్దరూపమే సముద్రము పొంగుటకును చెల్లుచున్నది. ఆయుధపు దెబ్బయు, ఎగయు కెరటమును ఒక్క రూపమున నిముడుట పంటిబాధ నెఱిగినవారికి వింతగ దోపదు. ఈ మాటలను వరుసగ నుంచి చూచినచో రోగము పైపొరనుండి లోని నాడివఱకు దిగు క్రమము కొంతవఱకు కానవచ్చుచున్నది.

చెడిన పంటికి రెండు పేళ్లున్నవి: పుచ్చుపన్ను, పిప్పిపన్ను. వంకాయ పుచ్చెననినచో లోన పురుగున్నదని వినువారికి తెలియును. పిప్పి యనగా రసము తీయగా మిగిలిన చెఱకు పీచు. కావున మొదటి పేరు జనులూహించిన కారణమును, రెండవది కంటికి కనబడు ఫలమును చెప్పుచున్నవి. పురుగు మాటను పిదప ప్రస్తావింతుము.

రెండవ ఆకరము ఆయుర్వేద గ్రంథములు. సుశ్రుతసంహితలో ముఖరోగములు 65గా లెక్కింపబడినవి. వీనిలో దంతమూలములందు పుట్టునవి 15, దంతములందు పుట్టునవి 8. ఈ ఎనిమిదింటిలో దంతహర్షమును, క్రిమిదంతమును మనకిచట ముఖ్యములు. శీతోష్ణస్పర్శల నోర్వజాలని స్థితి దంతహర్షము. మన "జివ్వుమనుట" దీని పాలిదే. క్రిమిదంత లక్షణములను చెప్పుచు సుశ్రుతుడు పన్ను నల్లబడుట, రంధ్రపడుట, కదలుట, స్రవించుట, వాపు, తీవ్రవేదన అనువానిని పేర్కొని, కారణము లేకయే నొప్పి పుట్టునని మఱియొక లక్షణమును చేర్చెను. ఈ చివరి మాట మిక్కిలి గమనింపదగినది. చన్నీరు తగిలినపుడు క్షణకాలము లాగు పన్ను ఇంకను బాగుపడవచ్చును. ఏమియు తగులకయే, నిద్రలోనుండి లేపునంతగా దానియంత నది నొచ్చు పంటిలోని మృదుభాగము సాధారణముగ కోలుకొనదు. నేటి దంతవైద్యుడు రోగిని తొలుత నడుగు ప్రశ్నలలో ఇదియొకటి. సూక్ష్మదర్శిని లేని కాలమున ఈ భేదమును రోగి మాటవలననే గుర్తించుట సామాన్యమైన పరిశీలన కాదు.

రాత్రివేళ పోటు పెరుగుటకును కారణమున్నది. పంటి నడుమ రక్తనాళములును, నాడియు గల మృదుపదార్థము గట్టి గోడల మధ్య బంధింపబడి యున్నది. వాచినను విస్తరించుటకు దానికి చోటు లేదు. పడుకొన్నపుడు తలకు రక్తపు ఒత్తిడి హెచ్చును. ఆ హెచ్చుట నాడిపై పడును. తలక్రింద రెండు దిండ్లు పెట్టుకొని పడుకొనుమను పెద్దల మాట ఈ కారణముననే సార్థకము.

చికిత్సయందును గ్రంథకర్తలు ఒక క్రమమును పాటించిరి. పన్ను కదలనిదైనచో స్వేదనము, రక్తవిస్రావణము, నస్యము, స్నేహగండూషము చెప్పబడినవి. కదలునదైనచో దాని నుద్ధరించి, ఆ రంధ్రమును కాల్పవలెనని విధి. క్రీ.శ. 7వ శతాబ్ది ప్రాంతమువాడని తలపబడు వాగ్భటుడు రంధ్రమును బెల్లముతో గాని మైనముతో గాని నింపి కాల్పుమనెను. ఏడాకులపొన్న పాలతోను, జిల్లేడు పాలతోను పూరించినచో క్రిమిశూల శమించునని మఱియొక యోగమును చెప్పెను. కాల్చుటవలన లోని నాడి నశించును. నాడి నశించిన బాధ యుండదు. జిల్లేడు పాలు మాత్రము తగిలిన చోటనెల్ల దహించు పదార్థము. దానిని వైద్యుడు రంధ్రము మేరకు వాడుట వేఱు, తెలియనివారు చిగురుకు పూయుట వేఱు.

ఇచట సుశ్రుతుని హెచ్చరిక యొకటి కలదు. పైదవుడ పన్ను కదలుచున్నను ఊడదీయరాదని ఆతడు నిషేధించెను. అతిరక్తస్రావము కలుగుననియు, రోగికి ఒక కన్ను పోవచ్చుననియు, అర్దితవాతము రావచ్చుననియు కారణము చెప్పెను. ఈ నిషేధము మన విషయమునకు మూలము వంటిది. ఊడదీయరాని పన్ను పోటెత్తినపుడు రోగికి శమనమే గతి. నాటి రోగికి ఉపశమనము ఒక రాత్రి గడుపుకొను ఉపాయము మాత్రమే కాదు. పెక్కుసారులు అదియే చికిత్సయంతయు.

ఈ శమనోపాయములలో మూడు నేటివఱకు నిలిచినవి. మొదటిది పుక్కిలింత. నోటినిండ కదల్ప వీలులేకుండ ద్రవమును పట్టియుంచుట గండూషము; కదల్ప వీలగునంత పట్టుట కవళము. గోరువెచ్చని ఉప్పునీటి పుక్కిలింత వీనికి ఇంటింటి రూపము. పంటి సందులందు చిక్కిన ఆహారమును తొలగించి, వాచిన చిగురునకు కొంత సుఖమిచ్చును, హాని చేయదు.

రెండవది అక్కలకర్ర. ఈ వేరును నమలినచో నాలుక చిమచిమలాడి, లాలాజలమూరి, కొంతసేపటికి తిమ్మిరెక్కును. ఐరోపా ఖండపు పాతవైద్యులును దీనిని పంటినొప్పికే వాడిరి. దూరదేశములవారు ఒకే వేరును ఒకే బాధకు వాడుట దాని గుణమునకు సాక్ష్యము.

మూడవది లవంగము. మొలుక్కా దీవులయందు పుట్టిన ఈ మొగ్గ వర్తకనౌకలపై మన దేశమునకు వచ్చి, తాంబూలమునందును, పోపులపెట్టెయందును, పుచ్చుపంటి రంధ్రమునందును స్థానము సంపాదించుకొనెను. దీని తైలమునందలి ముఖ్యద్రవ్యము యూజినాల్ తగిలినచోటి నాడిని కొంతసేపు మొద్దుబరచును. 19వ శతాబ్ది చివరి భాగమునుండి దంతవైద్యులు ఈ ద్రవ్యమును జింక్ ఆక్సైడుతో కలిపి పంటి రంధ్రమునకు తాత్కాలికముగ నింపుచు వచ్చిరి. అవ్వ పెట్టిన లవంగమునకును, వైద్యుడు నింపిన ముద్దకును గల చుట్టరికమిది. ఐనను శుద్ధతైలము చిగురును కాల్చును. పసిపిల్లలు మ్రింగినచో ప్రమాదము. దూది కొసను కొద్దిగ తడిపి రంధ్రముననే యుంచుట పెద్దల యాచారము, అదియే యుక్తము.

ఇక పురుగు మాట. పంటిని పురుగు తొలుచునను నమ్మకము మనది మాత్రమే కాదు. బాబిలోనియావారి మట్టిపలకపై దొరకిన మంత్రమొకటి పురుగు పుట్టుకతో ప్రారంభమగును. ఆ పురుగు దేవత లిచ్చిన అత్తిపండును వలదని పంటి నెత్తురును కోరుకొనును. మంత్రమును మూడు పర్యాయములు చదువవలెననియు, మందు నుంచవలెననియు అందు విధింపబడినది. ఇన్ని దేశములవారిని ఒకే యూహకు తెచ్చినది కంటి సాక్ష్యమే. పుచ్చినపండు, పుచ్చినకాయ, పుచ్చినకొయ్య - అన్నిటను పురుగు కనబడుచుండగా పంటిలో నుండదని తలచుట కష్టము.

ఈ నమ్మకమునుండియే పొగపట్టుట పుట్టినది. వాకుడుగింజలను నిప్పులపై వేసి ఆ పొగను నోటికి పట్టుట మన పల్లెలందు తెలిసినదే. ఐరోపాయందు ఖురాసానీ వాము గింజలతో ఇట్లే చేయుచుండిరి. 1597లో అచ్చయిన తన ఓషధిగ్రంథమున జాన్ జెరార్డు అను ఆంగ్లేయుడు ఇందలి మోసమును బయటపెట్టెను. ఊరూర తిరుగు పంటివైద్యులు సన్నని వీణాతంత్రుల ముక్కలను నీటిలో జారవిడిచి, రోగి నోటినుండి పడిన పురుగులివియే యని చూపి ధనమార్జించుచుండిరని ఆతడు వ్రాసెను. 1728లో ఫ్రెంచివైద్యుడు పియరు ఫొషారు తాను సూక్ష్మదర్శినితో వెదకినను పంటిపురుగు కనబడలేదని ప్రకటించెను. 1890లో మిల్లరు అను దంతశాస్త్రజ్ఞుడు నోటియందలి సూక్ష్మజీవులు పిండిపదార్థములను, చక్కెరను ఆమ్లముగ మార్చుటవలన పన్ను కరగునని నిరూపించెను. పురుగు లేదు, కంటికి కానరాని జీవులు కలవు. మన పూర్వుల యూహ రూపమున తప్పినను, బయటిజీవి యొకటి పంటిని తినుచున్నదనుటలో పూర్తిగ తప్పలేదు.

పంటిబాధ వైద్యశాస్త్రమునకు చేసిన మహోపకార మొకటి కలదు. మత్తుమందు పుట్టినది దంతవైద్యుని పీటపైననే. అమెరికాలో హోరేస్ వెల్సు అను దంతవైద్యుడు 1844 డిసెంబరు 11న నైట్రస్ ఆక్సైడును పీల్చి తన పంటినే తీయించుకొనెను. 1846 సెప్టెంబరు 30న మోర్టను ఈథరు నిచ్చి ఒక రోగి పంటి నూడదీసెను. వీని వెంట వచ్చిన క్లోరోఫారముతో మన హైదరాబాదునకు సంబంధ మున్నది. 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభుత్వ పోషణమున, ఎడ్వర్డు లారీ నాయకత్వమున క్లోరోఫారము సంఘములు హైదరాబాదున పరీక్షలు జరిపి, శ్వాసను కనిపెట్టి యుండినచో ఈ మందువలన గుండెకు భయము లేదని తీర్మానించినవి. ఈ తీర్మానము నిలువలేదు. స్వల్పముగ నిచ్చినపుడును గుండె హఠాత్తుగ లయ తప్పి ఆగవచ్చునని 1911లో లెవీ చూపెను. పంటి నూడదీయుట వంటి చిన్న పనులకు తేలికగ నిచ్చిన క్లోరోఫారమువలన కొందఱు మరణించిరనుట ఈ దృష్టితో చూచిన అర్థమగును. 1884లో కొకెయినుతోను, 1905 పిదప ప్రోకెయినుతోను దవుడ నాడిని మాత్రమే మొద్దుబరచు పద్ధతి వచ్చిన తరువాత ఈ భయము తొలగినది.

ఐనను పల్లెటూరికి ఈ సౌఖ్యము వెంటనే చేరలేదు. అచట పటకారుతో పన్ను తీయువాడు మంగలియో, సంతలో కూర్చుండు నాటువైద్యుడో. కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మదు దంతవైద్య కళాశాలను 1920లో స్థాపించెను. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. వైద్యుడు పట్టణమున నుండగా, బండి కట్టించుకొని పోవుటకు మనసు రాక, జనులు లవంగముతోనే రోజులు గడపిరి.

ఆ గడపుటలోని అపాయమునకు మా కుటుంబమే నిదర్శనము. కృష్ణాతీరపు చిన్నగ్రామమున మా పితామహికి యౌవనమున క్రిందిదవుడ పన్ను పోటెత్తినది. మూడు రాత్రులు లవంగముతో గడపినది. నాలుగవ ఉదయమున బాధ మటుమాయమైనది. ఇంటిల్లిపాది సంతోషించిరి. వారము గడువకమున్నే దవుడ క్రింద వాచి, నోరు తెఱువరాక, గుటక దిగక, జ్వరము వచ్చినది. ఎడ్లబండిపై పట్టణమునకు తీసికొనిపోగా అచటి వైద్యుడు గాటుపెట్టి చీము తీసి, ఇంకొక దినమాలసించినచో ఊపిరి యాడెడిది కాదనెను. ఆమె బ్రదికి ఆ కథను మాకు పలుమాఱులు చెప్పినది. ప్రతిసారియు చివర ననెడి మాట ఒకటే: "నొప్పి పోయిననాడే నేను భయపడవలసినది."

ఆమె చదువుకొన్నది కాదు. కాని వైద్యశాస్త్రము చెప్పుచున్నదియు నదియే. లోని నాడి చచ్చినపుడు పోటు ఆగును. కుళ్లు మాత్రము వేరు కొసను దాటి ఎముకలోనికి, కంఠము వైపునకు ప్రాకును. దవుడ క్రింద వ్యాపించు ఈ వాపును 1836లో లుడ్విగు అను జర్మను వైద్యుడు వర్ణించెను. సూక్ష్మజీవనాశక ఔషధములు రాకమున్ను దానివలన పెక్కుమంది మరణించిరి. పంటిపోటు ప్రాణము తీయనిదను మాట నిజము కాదని మొదట చెప్పుటకు కారణమిది.

ఈ విచారణవలన తేలినది ఇది. మన గ్రంథకర్తలు శమనమును, పూరణమును, ఉద్ధరణమును వేర్వేఱు మెట్లుగ నెఱిగిరి. జనస్మృతి వానిలో మొదటి మెట్టును మాత్రము భద్రముగ దాచుకొని తక్కిన రెంటిని మఱచినది. తప్పు లవంగమునది కాదు. లవంగముతో ఆగిపోయిన మనది. కొందఱు మాత్రలను చిగురుపై అదిమి చర్మమును పొక్కించుకొనుట, పొగాకు రేకును పంటిలో కుక్కుకొనుట ఈ మఱపునకు మఱికొన్ని రూపములు. ఉప్పునీరును, లవంగమును, ఎత్తుదిండును ఒక రాత్రి దాటించు పడవలు. దవుడ వాచినను, జ్వరము వచ్చినను, నోరు తెఱువరాకున్నను తెల్లవాఱువఱకు కూడ వేచియుండరాదు.

తుదకొక విన్నపము. పంటిబాధను తెలుపు మాటలును, ఆ బాధకు వాడు ఆకులును, వేళ్లును మండలమండలమునకు భిన్నములు. అవి తెలిసిన వృద్ధులు తరిగిపోవుచున్నారు. మా శాఖ విద్యార్థులు సెలవులలో స్వగ్రామములకు పోయినపుడు వీనిని వ్రాసికొని వచ్చినచో భాషకును, వైద్యచరిత్రకును ఒక్క పనితో ఉపకారము చేసినవారగుదురు.