విడిచినదేది? వెంట తెచ్చుకొన్నదేది?
ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్ర వెలుగులో ఒక పరిశీలన

బుద్ధుని జీవితకథ చెప్పుకొనే ప్రతి సభలోనూ మహాభినిష్క్రమణ ఘట్టం తప్పక వస్తుంది. ఇరవైతొమ్మిదేళ్ల సిద్ధార్థుడు ఇల్లు, ఆలుబిడ్డలు, రాజభోగాలు విడిచి వెళ్లాడు. ఆరేళ్ల తరువాత ఆయనకు సంబోధి కలిగింది. ఈ రెండు విషయాలను ఒకదాని వెంట ఒకటిగా విన్నవారికి ఒక అభిప్రాయం కలగడం సహజం: తనను తాను తెలుసుకోగోరువాడు తనకు అలవాటైన లోకాన్ని విడిచిపెట్టక తప్పదని. ఈ అభిప్రాయం ఎంతవరకు సత్యం? ఈ ప్రశ్నను మేము పుట్టి పెరిగిన ఖరగ్‌పూర్ చరిత్రతో కలిపి పరిశీలించదలచాము. ఇది విడిచి వచ్చినవారు కట్టిన పట్టణం గనుక ఈ ప్రశ్న ఇక్కడ కేవలం తాత్త్విక చర్చ కాదు.

పట్టాల వెంట వచ్చినవారు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ మేదినీపూర్ జిల్లాలోని ఈ ఎర్రమట్టి నేలను తన ప్రధాన జంక్షనుగా ఎంచుకొన్నది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తి అయి హౌరాకు దారి ఏర్పడింది. దక్షిణాన కటకం, బరంపురం మీదుగా వాల్తేరు వరకు గల మార్గం కూడా కొద్ది కాలంలోనే ఆ కంపెనీ చేతికి వచ్చింది. రైల్వే కారఖానాకు మనుషులు కావలసి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో వాన కురవని ఏళ్లు, అప్పు తీరని ఏళ్లు మనుషులను కదిలించాయి. కళాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గ్యాంగు కూలీలుగా తెలుగువారు ఇక్కడికి చేరుకొన్నారు. మా తాతగారు వారిలో ఒకరు. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మె చేసినప్పుడు వారి యూనియన్ నాయకులలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు.

సొంత ఊరిలో ఉన్నంతకాలం మా తాతగారి తరంవారు తమను తాము తెలుగువారమని చెప్పుకోవలసిన అవసరం రాలేదు. ఊరిలో మనిషిని గుర్తించడానికి ఇంటిపేరు, వాడ, కులం సరిపోయేవి. ఇక్కడ బెంగాలీలు, ఒడియావారు, హిందీవారు వారిని మద్రాసీలన్నారు. ఆ పిలుపుకు బదులుగా వారు తెలుగువారమని చెప్పుకోవడం నేర్చుకొన్నారు. చేప చుట్టూ నీరున్నంతసేపు అది నీటిని గుర్తించదు. తెలుగు వినిపించని వీథిలో నడిచిన తరువాతనే తెలుగు తమదన్న స్పృహ వారికి కలిగింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక శతాబ్దానికి పైబడిన ఈ స్పృహ ఉన్నది. ఇంతవరకు చూస్తే, అలవాటైనదాన్ని విడిచినవానికే ఆత్మజ్ఞానమన్న వాదానికి మా పట్టణమే సాక్ష్యమిస్తున్నట్లు తోస్తుంది.

తామ్రలిప్తి రేవులో ఒక బాటసారి

అయితే మా ఇరుగుపొరుగునే మరొక పాత సాక్ష్యం ఉన్నది. ఖరగ్‌పూర్ నుండి హౌరా వెళ్లే దారిలో పాంశ్‌కురా వద్ద బండి మారితే తమ్లుక్ వస్తుంది. అదే ప్రాచీన తామ్రలిప్తి, బౌద్ధ ప్రపంచపు మహా రేవుపట్టణం. క్రీ.శ. 399లో చాంగాన్ నగరం నుండి బయలుదేరిన చైనా భిక్షువు ఫాహియాన్ వినయపిటక ప్రతుల కోసం ఎడారులు, మంచుకొండలు దాటి భారతదేశానికి వచ్చాడు. తామ్రలిప్తిలో రెండేళ్లు ఉండి సూత్రాలకు ప్రతులు రాసుకొన్నాడు, ప్రతిమల చిత్రాలు గీసుకొన్నాడు. ఇక్కడి నుండే ఓడ ఎక్కి సింహళం చేరాడు.

ఆ సింహళంలో జరిగిన ఒక చిన్న ఘటనను ఆయనే తన యాత్రాగ్రంథంలో చెప్పుకొన్నాడు. అభయగిరి విహారంలో పచ్చరాతి బుద్ధప్రతిమ ముందు ఒక వర్తకుడు చైనా దేశపు తెల్లపట్టు విసనకర్రను సమర్పించడం ఆయన కంటబడింది. స్వదేశం విడిచి అప్పటికి పది సంవత్సరాలు దాటింది. వెంట వచ్చిన సహచరులలో కొందరు వెనుదిరిగారు, కొందరు మరణించారు. ఆ విసనకర్రను చూడగానే ఆయన కళ్లవెంట నీరు కారింది.

సర్వం త్యజించి బయలుదేరిన భిక్షువు ఒక విసనకర్ర ముందు కంటతడి పెట్టడం బలహీనతా? మేము అలా భావించడం లేదు. దూరం వెళ్లినంత మాత్రాన ఏదీ మనలను విడిచిపోదన్న సత్యం ఆ కన్నీటిలో ఆయనకు కనబడి ఉంటుంది. ఆయన దానిని దాచలేదు, రాసిపెట్టాడు. ఆత్మజ్ఞానమంటే అదే కావచ్చు. ఆయన సహచరుడు దావోజెంగ్ పాటలీపుత్రంలోనే ఉండిపోయాడు. ఫాహియాన్ మాత్రం గ్రంథాలతో 412లో చైనా తీరం చేరి, శేషజీవితాన్ని అనువాదంలో గడిపాడు. ఒకరు స్వదేశాన్ని విడిచి ధర్మాన్ని పొందారు. మరొకరు ధర్మాన్ని స్వదేశానికే మోసుకువెళ్లారు. వీరిలో ఎవరు మిన్న అని చరిత్ర తీర్పు చెప్పలేదు.

మూటలో మిగిలినది

ఫాహియాన్ కంటబడిన విసనకర్ర మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నది. మా పెద్దలు ఊరి నుండి ఏమి విడిచి వచ్చారు, ఏమి మూటగట్టుకొని వచ్చారు?

పొలం విడిచారు. ఊరి చెరువు, జాతర విడిచారు. మూడో తరానికి వచ్చేసరికి చాలా ఇళ్లలో తెలుగు మాట మిగిలింది గాని తెలుగు రాత పోయింది. కులం మాత్రం పోలేదు. క్వార్టర్లకు నంబర్లు వేసిన రైల్వే, కులం చూసి గోడ కట్టలేదు. గోడ లేనిచోట కూడా మేము గీత గీసుకొన్నాము.

ఇది ఇతరుల మీద మోపే నేరం కాదు, మా ఇంటిలో జరిగిన సంగతి. మా నాన్నగారు, ఆయన స్నేహితుడు ఒకరు కారఖానాలో ఒకే షాపులో ఇరవై ఏళ్లు పనిచేశారు. మధ్యాహ్నం ఒకరి క్యారేజీ ఒకరు విప్పి తినేవారు. ఉత్తరాంధ్ర అలవాటు చొప్పున ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకొనేవారు. ఒకనాడు ఆయన తమ అబ్బాయికి మా అక్కను అడిగారు. మా పెద్దలు కులం కుదరదన్నారు. ఎవరమూ ఎన్నడూ చూడని ఒక వరుణ్ణి జిల్లా నుండి వెతికి తెచ్చారు. మేము అప్పటికే కళాశాలలో చరిత్ర చదువుకొంటున్నాము. అయినా నోరు విప్పలేదు. మరునాటి నుండి ఆయన మా నాన్నగారిని ‘బావా’ అనడం మానివేశారు. ‘ఏమండీ’ అనేవారు. ఆ మర్యాదను మించిన శిక్ష మా ఇంటికి మరొకటి పడలేదు.

వందల కిలోమీటర్లు విడిచి వచ్చినవారు ఒక్క గీతను విడవలేకపోయారు. విడవదగినది ఉంచుకొని, ఉంచుకోదగినది విడిచాము. కాబట్టి స్థలం మారినంతలో తనను తాను తెలుసుకోవడం జరుగుతుందన్న మాట నిలవదు.

ఆ గీతను చెరపాలని సంకల్పించిన అంబేద్కర్ ఏమి చేశారో చూడాలి. హిందువుగా పుట్టినా హిందువుగా మరణించబోనని ఆయన 1935లో యేవలాలో ప్రకటించారు. దీక్ష స్వీకరించినది 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో. మా పట్టణానికి జన్మనిచ్చిన రైల్వే పేరులోని నాగపూరే అది. నడుమ ఇరవైఒక్క సంవత్సరాలు గడిచాయి. విడిచిపెట్టాలన్న నిర్ణయం ఒక్కనాటిది. ఎందుకు విడవాలి, దేనిని చేపట్టాలి అన్న పరిశీలన రెండు దశాబ్దాలది. చివరకు ఆయన చేపట్టినది ఎక్కడో దూరదేశపు ధర్మం కాదు, ఈ నేల మరచిపోయిన తన సొంత ధర్మం.

నేరేడు నీడ

మళ్లీ సిద్ధార్థుని వద్దకు వద్దాము. ఆయన నిష్క్రమణ ఒక్కటి కాదు. ఇల్లు విడిచాడు, ఆళార కాలాముడు, ఉద్దక రామపుత్తుడు అనే గురువులను విడిచాడు, శరీరాన్ని శుష్కింపజేసిన తపస్సునూ విడిచాడు. ఇన్ని విడిచినా మార్గం దొరకని వేళ ఆయనకు ఏది తోడ్పడిందో మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తం చెబుతున్నది. చిన్ననాడు తండ్రి పనిలో ఉండగా తాను నేరేడు చెట్టు నీడన కూర్చొని పొందిన ప్రశాంతత ఆయనకు జ్ఞాపకం వచ్చింది. బోధికి దారి ఇదే కావచ్చునని ఆయనకు అప్పుడు తోచింది. అంటే సర్వం విడిచి వెళ్లినవానికి తాళంచెవి పుట్టింటి పెరటి జ్ఞాపకంలో దొరికింది. ధ్యానానికి ఆయన మనకు చూపిన ఆలంబనలో కూడా కొత్తదనం ఏమీ లేదు. శ్వాసకంటె మనకు పరిచితమైనది మరేమున్నది? దానిని విడవమని ఆయన చెప్పలేదు, గమనించమన్నాడు.

మాకు తోచిన సమాధానం ఇది. విడవవలసినది పరిచితమైనదానిని కాదు. దానిని మనకు తెలుసుననుకొనే ధీమాను. దూరం వెళ్లడం ఆ ధీమాను ఒక్కొక్కసారి సడలిస్తుంది. అంతకుమించి దూరానికి మహిమ లేదు.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి వాటిని వెలుగులోకి తెచ్చే నాటికి, ఆ కొండ నీడన పశువులు మేపినవారు, పని వెతుక్కొంటూ ఖరగ్‌పూర్ బండి ఎక్కినవారు ఎందరో ఉండి ఉంటారు. వారు వచ్చి చేరిన చోటికి సమీపంలో, దాంతన్ వద్ద మొగల్మారి దిబ్బ కింద మరొక విహారం నిద్రిస్తున్నది. ఊరివారికి అది ఒక జానపద కథలోని రాకుమారి దిబ్బ మాత్రమే. కలకత్తా విశ్వవిద్యాలయం వారు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో తవ్వకాలు జరిపే వరకు దాని అసలు రూపం బయటపడలేదు. బయలుదేరిన చోట ఒక విహారం, చేరిన చోట ఒక విహారం. రెండింటి నడుమ మూడు తరాలు ప్రయాణం చేసి కూడా మేము దేనినీ చూడలేదు.

మా విద్యార్థులను ఇప్పుడు ఏటా మొగల్మారికి తీసుకువెళ్తున్నాము. ఇటుకల వరుసలు చూసిన తరువాత వారిని ఒక ప్రశ్న అడుగుతాము: మీ ఇంటిలో, మీరు రోజూ చూస్తూ కూడా తవ్వి చూడని దిబ్బ ఏది? మా మట్టుకు మేము ఆ ప్రశ్నకు ఇచ్చుకొన్న జవాబును పైన చెప్పాము. మా ఇంటిలో ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి మాట నడుస్తున్నది. ఈసారి నోరు విప్పవలసినది మేమే.