కొక్కెం సూది చరిత్ర – కుర్చీ మీది కుషను గలీబు

నూరేళ్ల చరిత్రను తలచుకొనేటప్పుడు మనం సాధారణంగా దేవాలయాల పునాదిరాళ్లను, బడులను, ఆసుపత్రులను, వాటిని నడిపిన దైవసేవకుల పేర్లను ముందుగా చెప్పుకుంటాం. అది సబబే. అయితే మిషను వారితో పాటు మన తెలుగు ఇళ్లలో ప్రవేశించి, ఏ శిలాఫలకం మీదా పేరుకెక్కని చిన్న వస్తువు ఒకటి ఉన్నది. అది జానెడు పొడవైనా లేని కొక్కెం సూది. దీనినే మన స్త్రీలు క్రోషియా సూది అనీ, లేసు సూది అనీ అంటారు. దానితో అల్లిన లేసు ఆరాధనలో పరిచే తెల్లగుడ్డ అంచున ఉన్నది. పెండ్లికుమార్తె ముసుగు అంచున ఉన్నది. మన ముందుగదుల్లో కుర్చీల మీద కుషను గలీబుగానూ ఉన్నది.

మన విశాఖపట్నం లెక్కల ఊరు. 1933లో రేవు తెరచినది మొదలు ఓడలో ఎన్ని టన్నులు ఎక్కినవి, ఎన్ని దిగినవి అని లెక్క వ్రాస్తూనే ఉన్నాం. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992లో దానిని జాతికి అంకితం చేశారు. అక్కడ కూడా పనికి షిఫ్టు ఉన్నది, షిఫ్టు దాటితే ఓవర్‌టైము ఉన్నది. కానీ అదే క్వార్టర్సులో, అదే ఇంట్లో, మధ్యాహ్నం వంటపని ముగించుకొని ఇల్లాలు కిటికీ దగ్గర కూర్చుండి అల్లే గలీబుకు గంటల లెక్క లేదు. దానిని మనం కాలక్షేపం అంటాం. ఆ మాట ఎంతవరకు న్యాయమో ఈ సూది చరిత్రే చెబుతుంది.

లేసు ఊరి నుండి విశాఖ తీరానికి

ఫ్రాన్సు దేశంలో ల పుయీ అనే కొండ ఊరు ఉన్నది. లేసు అల్లిక అక్కడి బీద స్త్రీల జీవనాధారం. 1640లో తూలూజు న్యాయస్థానం లేసు ధరించడాన్ని నిషేధించగా ఆ స్త్రీల బ్రతుకుతెరువు పోయింది. అప్పుడు ఫ్రాన్సిస్ రెజిస్ అనే గురువు వారి పక్షాన నిలిచి ఆ ఆజ్ఞను తొలగింపజేశారు. ఆయన అదే సంవత్సరాంతాన మరణించారు. నేటికీ కతోలిక సంఘం ఆయనను లేసు అల్లేవారి పాలక పునీతునిగా గౌరవిస్తుంది. పదేండ్ల తరువాత 1650లో అదే ఊరిలో పునీత యోసేపు కన్యస్త్రీల సభ ప్రారంభమైనది. దిక్కులేని ఆడపిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడడానికి ఆ తొలి సోదరీమణులు వారికి నేర్పినవి రిబ్బను నేత, లేసు అల్లిక.

ఆ సభ యొక్క ఒక శాఖ ఆనెసీ పట్టణంలో 1833లో వెలసినది. ఆనెసీ నుండే ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. వారి వెంట 1849లో ఆ ఊరి సోదరీమణులు మన తీరానికి వచ్చారు. అంటే లేసు ఊరిలో పుట్టిన సభ బిడ్డలు మన సముద్రపు గాలిలో బడులు పెట్టారన్నమాట. కాన్వెంటు బడులలో అక్షరంతో పాటు సూదిపని కూడా పాఠంగా ఉండేదని మన పెద్దలకు తెలిసిన విషయమే.

ప్రొటెస్టెంటు మిషను వారి దారి మరొకటి. లండను మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకొని సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లోనూ, దే గ్రాంజ్ 1810లోనూ కన్నుమూశారు. అదే సొసైటీకి చెందిన మార్తా మాల్ట్ అనే దొరసాని గారు దక్షిణాన నాగర్‌కోయిల్‌లో 1821లో ఆడపిల్లలకు లేసు నేర్పారు. ఆ పిల్లలలో కొందరు బానిస కుటుంబాల వారు. లేసు అల్లి సంపాదించిన సొమ్ముతో వారు తమ విడుదల వెల చెల్లించుకున్నారని మిషను చరిత్రలు చెబుతున్నవి. సూదిపని కాలక్షేపం కాదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

అయితే ఒక భేదం గుర్తించాలి. నాగర్‌కోయిల్‌లో నేర్పినది దిండు మీద గుండుసూదులు గుచ్చి, అనేక కదురు పుల్లలతో దారాలను మెలివేసే లేసు. దానికి సామాను ఎక్కువ. మన ఇళ్లలో నిలిచినది క్రోషియా. దానికి ఒక సూది, ఒక దారపుండ చాలు. ఒడిలో పెట్టుకోవచ్చు, బిడ్డ ఏడిస్తే ప్రక్కన పెట్టవచ్చు, తిరిగి విడిచిన చోటి నుండే అందుకోవచ్చు. బీద ఇంటిలో ఆ సూది నిలవడానికి కారణం ఇదే. తరువాత దాని కూలి తగ్గిపోవడానికి కారణం కూడా ఇదే.

కరవులో నేర్చిన విద్య

క్రోషె అనే ఫ్రెంచి మాటకు చిన్న కొక్కెం అని అర్థం. ఈ విద్యకు అచ్చు పుస్తకాలు వచ్చినది 19వ శతాబ్దంలోనే. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన కరవు వచ్చినప్పుడు ఇది కూడుపెట్టే విద్య అయినది. కార్కు ప్రాంతంలో ఉర్సులా సభ కన్యస్త్రీలు దీనిని నేర్పారు. క్లోన్స్ అనే ఊరిలో 1847లో కసాండ్రా హ్యాండ్ అనే పాదిరిగారి భార్య బోధకురాలిని పిలిపించి బీద కుటుంబాలకు నేర్పించారు. కతోలికులు, ప్రొటెస్టెంటులు వేరువేరు ఊళ్లలో ఒకే పని చేశారు. ఆకలికి శాఖాభేదం లేదు గదా.

ఇంచుమించు ఆ రోజులలోనే సూది గోదావరి డెల్టాకు వచ్చింది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో అంతకు ముందే బౌడెన్, బీర్ అనే మిషనరీలు పని ప్రారంభించి ఉన్నారు. 1844లో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు ఆ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని నరసాపురం లేసు చరిత్ర చెబుతుంది. ఎగువన భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెంలో కెయిన్ దంపతుల కాలంలో కూడా లేసు పని సాగింది. మొదట నేర్చుకున్నవారు బీద క్రైస్తవ స్త్రీలు. పొలం కూలికి పోయే చేతులు తెల్లదారం పట్టినవి. తరువాత గడప దాటడం గౌరవం కాదని భావించే కుటుంబాల స్త్రీలు కూడా నేర్చుకున్నారు. ఇంటిలో కూర్చుండి చేసే పని గనుక వారికి అది అనుకూలమైనది. కొద్దికాలంలో దారం పంచేవారు, అల్లిన ముక్కలు పోగుచేసేవారు, ఎగుమతి చేసేవారు వేరుపడ్డారు. అల్లేవారు స్త్రీలు, వ్యాపారం చేసేవారు పురుషులు అయ్యారు.

గలీబు అల్లే విధం

ఈ పనిలో ఎంత పని ఉన్నదో తెలియాలంటే ఒక గలీబు ఎలా తయారగునో చూడాలి. నరసాపురం లేసు సన్నని దారంతో జాలీగా ఉంటుంది. కుషను గలీబుకు కొంచెం లావు నూలు దారం తీసుకుంటే ఉబ్బెత్తు అల్లిక బాగుగా పలుకుతుంది. చూపుకే గాక చేతికి కూడా తెలిసే అందం ఇది.

ఉబ్బెత్తు పనిలో రెండు విధాలు ముఖ్యం. మొదటిది బుడిపె. ఒకే కంటిలో అయిదు పొడుగు కుట్లను చివరి లాగుడు మిగిల్చి సగంలో ఆపాలి. సూది మీద ఆరు ఉచ్చులు చేరిన తరువాత దారం చుట్టి అన్నింటిలోనుండి ఒక్కసారిగా లాగాలి. వెనుక వైపు వరుసలో దీనిని వేసి ఇరుప్రక్కల పొట్టి కుట్టు వేస్తే బుడిపె ముందు వైపుకు మల్లెమొగ్గవలె ఉబుకుతుంది. రెండవది బుట్ట అల్లిక. సూదిని కుట్టు తలలో గుచ్చకుండా క్రింది వరుస కుట్టు కాడ చుట్టూ త్రిప్పాలి. నాలుగు కుట్లు ముందు నుండి, నాలుగు వెనుక నుండి వేసి, నాలుగు వరుసల కొకసారి తారుమారు చేస్తే మన తాటాకు చాపలోని గళ్లు దారంలో కనిపిస్తవి.

కుషను కంటె గలీబు ఒక అంగుళం తక్కువగా ఉండాలి. అప్పుడే సాగి బిగువుగా కూర్చుంటుంది. వెనుక వైపు గుండీలు పెడితే ఉతుక్కొనుటకు వీలు. మన ఊరి ఉప్పుగాలికి నూలు చెమ్మ పట్టి ముక్కవాసన వస్తుంది గనుక అప్పుడప్పుడు చన్నీటిలో సబ్బుతో ఉతికి, పిండకుండా నీరు ఒత్తి, నీడలో పరచి ఆరవేయాలి. తీగ మీద వ్రేలాడదీస్తే బుడిపెల బరువుకు గలీబు సాగిపోతుంది.

ఇక లెక్క చూద్దాం. పదహారు అంగుళాల గలీబుకు అంగుళానికి అయిదు కుట్ల చొప్పున వరుసకు 80 కుట్లు. అంగుళానికి రెండున్నర వరుసలు పడితే మొత్తం 40 వరుసలు. అనగా ఒక్క ప్రక్కకే 3,200 కుట్లు. చేయి తిరిగిన ఆమె నిమిషానికి పది కుట్లు వేసినదనుకున్నా 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. రెండు ప్రక్కలకు కలిపి 10 గంటల 40 నిమిషాలు. ఒక్కొక్క బుడిపెకు అయిదు కుట్ల పని అదనంగా లెక్కిస్తే పన్నెండు గంటలకు తక్కువ కాదు. రేవులోనో కర్మాగారంలోనో అయితే అది ఒకటిన్నర షిఫ్టు.

లెక్కలో లేని పని

మరియా మీస్ అనే జర్మను సామాజికవేత్త నరసాపురం పల్లెలలో ఉండి ఈ పనిని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలు ఇంటిపని గాక రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లేవారు. అయినా వారిని పనివారుగా ఎవరూ లెక్కించలేదు. తమను తాము కూడా వారు అలా అనుకోలేదు. మేము గృహిణులం, తీరిక వేళ అల్లుకుంటాం అనేవారు. వారికి దక్కినది మాత్రం వ్యవసాయ కూలి స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనంలో మూడవ వంతు కూడా కాదని ఆమె లెక్కకట్టి చూపారు. వారు అల్లిన లేసు సముద్రాలు దాటి పరదేశపు భోజనబల్లల మీద పరచబడినది.

ఇక్కడ మనం నిష్పక్షపాతంగా ఆలోచించాలి. మిషను దొరసానులు నేర్పిన విద్య ఎందరి ఇళ్లలోనో పొయ్యి వెలిగించినది. ఆడపిల్ల చేతికి తన సొమ్ము అనదగిన నాలుగు డబ్బులు ఇచ్చింది. అది నిజమైన మేలు. అయితే ఇంటిలో కూర్చుండి చేసే పని స్త్రీకి తగినదని నేర్పిన ఆ బోధలోనే, అది ఇంటిపని గనుక దానికి వెల అక్కరలేదనే భావం కూడా పెరిగినది. నేర్పినవారి ఉద్దేశం అది కాకపోవచ్చు. ఫలితం మాత్రం అదే. నాగర్‌కోయిల్‌లో విడుదల వెల చెల్లించిన లేసు గోదావరి తీరంలో వెలకు అందని శ్రమగా మారినది. సూది మారలేదు. వెల నిర్ణయించే చేయి మారినది.

తరువాత కొంత మార్పు వచ్చింది. నరసాపురం దగ్గరి సీతారాంపురంలో లేసు పార్కు ఏర్పడి, అల్లే స్త్రీలు సహకార సంఘాలుగా కూడారు. యంత్రంతో చేసిన చైనా లేసు బజారులో పోటీకి రాగా చాలామంది ఈ పని విడిచారు. అయినా చేతి క్రోషియాను ఉన్నదున్నట్లు అల్లగల యంత్రం ఇంతవరకు వాడుకలోకి రాలేదు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఉభయ గోదావరి ప్రాంతాలలో సుమారు 15,000 మంది స్త్రీలు ఈ పని మీద ఆధారపడి ఉన్నారని ఆ సందర్భంలో పత్రికలు వ్రాసినవి. దిండ్ల గలీబులు, కుషను గలీబులు వారు అల్లే వస్తువులలో ముఖ్యమైనవి. గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు అల్లిన చేతికి కూలిగా అందినప్పుడు సంతోషం పూర్తి అవుతుంది.

మనం చేయదగినది

మన సంఘాలలో స్త్రీల సమాజాలు పండుగ వేళ అమ్మకాలు పెడతవి. అక్కడ లేసు గుడ్డలు, గలీబులు తప్పక ఉంటవి. వచ్చినవారు ముచ్చటపడి చేతబట్టుకొంటారు. వెంటనే, దారమే గదా, ఇంత ధర ఎందుకని బేరమాడతారు. బజారులో చేపల దగ్గర ఆడే బేరం ఇక్కడ కూడా ఆడతారు. నిర్వాహకులైన సోదరీమణులకు ఒక మనవి. ధర చీటీ మీద ధరతో పాటు అల్లిన ఆమె పేరు, పట్టిన గంటలు కూడా వ్రాయండి. పన్నెండు గంటలు అని వ్రాసిన చీటీ చూచినవారు బేరమాడడానికి కొంచెం ఆలోచిస్తారు. ఆరాధనకు ఉచితంగా అల్లి ఇచ్చిన గుడ్డ అయినా సరే, ఆ పేరు, ఆ గంటలు సంఘపు దస్తరంలో కానుకల పద్దులో చేరాలి. కుర్చీలు, పంకాలు ఇచ్చినవారి పేర్లు చేరుతున్నవి గదా.

అపొస్తలుల కార్యములలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినది ఆమె కుట్టిన వస్త్రాలనే. సామెతల గ్రంథం చివరి అధ్యాయం గుణవతియైన స్త్రీ చేతిపని ఫలం ఆమెకు చెందవలెనని చెప్పి ముగుస్తుంది. కాలక్షేపానికి ఎవరూ ఫలం ఇయ్యరు, పనికే ఇస్తారు. మన ఇంటి కుర్చీ మీద తల ఆనించుకొనే గలీబు వెనుక మూడువేల రెండు వందల కుట్ల ముఖం ఒకటి, అంతే వీపు ఒకటి ఉన్నది. రాబోవు నూరేళ్ల చరిత్ర వ్రాసేవారికి ఆ కుట్లు వేసిన స్త్రీల పేర్లు దొరికేటట్లు చూడడం మన చేతిలో పని.