ఉబ్బెత్తు మచ్చలు - కోయించుకునే ముందు తెలుసుకోవలసిన సంగతులు

రెండేళ్ళ కిందట మా ఊరి తెలుగు సంఘం దసరా సంబరాల్లో భోజనాల వరుసలో నిలబడి ఉంటే, తెలిసినావిడ ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరు గారూ, మా అమ్మాయి పెళ్ళి ఫిబ్రవరిలో. దాని చెవి తమ్మె వెనకాల ఈ కాయ చూడండి. డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. నగలూ చీరలూ కొనుక్కుని, అక్కడే దీన్ని కూడా కోయించేస్తే పోతుంది కదా?" అని అడిగారు. ఆ అమ్మాయి కాలేజీలో ఉండగా చెవికి రెండో కుట్టు కుట్టించుకుందట. మొదట శనగగింజంత ఉన్న కాయ రేగుపండంత అయింది. "తొందరపడి కోయించకండి" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. అమెరికాలో ఇరవై ఏళ్ళుగా ప్లాస్టిక్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. ఆ రోజు వరుసలో నిలబడి చెప్పలేకపోయిన వివరమంతా ఇక్కడ రాస్తున్నాను.

మచ్చ ఎందుకు ఉబ్బుతుంది?

చర్మం తెగినా, కాలినా శరీరం ఆ ఖాళీని కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌తో పూడుస్తుంది. గాయం మానాక ఈ పని నెమ్మదించి, అదనంగా చేరిన పీచు కొన్ని నెలల్లో కరిగి, మచ్చ చదునవుతుంది. కొందరిలో ఈ పని సకాలంలో ఆగదు. పీచు పోగుపడుతూనే ఉంటుంది. ఎర్రగానో, ముదురు గోధుమ రంగులోనో గట్టిగా పైకి లేచి, దురద, మంట, నొప్పి పెడుతుంది.

రెండు రకాలు, రెండు దారులు

మొదటిది హైపర్‌ట్రోఫిక్ మచ్చ. ఇది గాయం హద్దుల్లోనే ఉంటుంది. సాధారణంగా గాయమైన నెలా రెండు నెలల్లో మొదలై, కొన్ని నెలలు పెరిగి, తరువాత ఏడాది రెండేళ్ళలో దానంతటదే కొంత తగ్గుతుంది. ఆపరేషన్ కుట్ల మీద, కాలిన చోట ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండవది కీలాయిడ్. ఇది గాయం హద్దు దాటి మంచి చర్మం మీదికి పాకుతుంది. పీత గోరు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. గాయం మానిన నెలలకో, ఒక్కోసారి ఏళ్ళకో మొదలవుతుంది. దానంతటది తగ్గడం చాలా అరుదు. చెవి తమ్మెలు, రొమ్ము మధ్య ఎముక మీది చర్మం, భుజాలు, వీపు పైభాగం, దవడ దీనికి ఇష్టమైన చోట్లు. చెవి కుట్టు, మొటిమ, టీకా వంటి చిన్న గాయం చాలు.

ఎవరికైనా రావచ్చు కానీ చామనచాయ, నల్లని చర్మం ఉన్నవాళ్ళలో, పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు వయసులో కీలాయిడ్ ఎక్కువ. కుటుంబాల్లో కూడా వస్తుంది. మీ అమ్మగారికో, అన్నయ్యకో ఉంటే, బైపాస్, సిజేరియన్ వంటి ఏ ఆపరేషన్‌కైనా ముందే ఆ సంగతి సర్జన్‌కు చెప్పండి.

కోస్తే ఎందుకు తిరిగి వస్తుంది?

కోయడమంటే మరో కొత్త గాయం చేయడమే. వేరే చికిత్స ఏదీ తోడు లేకుండా కీలాయిడ్‌ని కోసిన వాళ్ళలో 45 నుంచి 100 శాతం దాకా తిరిగి వచ్చినట్టు వైద్య గ్రంథాలు చెబుతాయి. వచ్చేది ఒక్కోసారి ముందుకన్నా పెద్దది. కాబట్టి కోత తరువాత నెలల తరబడి చేసే వైద్యమే అసలు సంగతి. మూడు వారాల సెలవులో అది పూర్తయ్యేది కాదు. ఇండియాలోనూ ఈ వైద్యం చక్కగా చేసే నిపుణులు ఉన్నారు. చిక్కంతా కోసిన వారికీ, తరువాత చూసేవారికీ మధ్య సంబంధం తెగిపోవడంతోనే.

ఉన్న చికిత్సలు

1. సిలికోన్ షీట్లు, జెల్: 1980ల నుంచి వాడుకలో ఉన్నాయి. గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. షీట్‌ని రోజుకు కనీసం 12 గంటలు, కనీసం రెండు మూడు నెలలు వాడాలి. మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి.

2. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు: ట్రయామ్సినలోన్ అనే మందును నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే ఎక్కిస్తారు. దురద త్వరగా తగ్గుతుంది, మచ్చ మెత్తబడుతుంది. చర్మం పలచబడటం, గుంట పడటం, తెల్లమచ్చ రావడం దీని ఇబ్బందులు. మన చర్మం మీద తెల్లమచ్చ బాగా కనిపిస్తుంది కనుక ముందే అడిగి తెలుసుకోండి. షుగరు ఉన్నవాళ్ళకు కొద్దిరోజులు షుగరు పెరగవచ్చు. మొండి మచ్చలకు 5-ఫ్లోరోయురాసిల్ అనే మందును కలిపి ఇస్తారు.

3. ఒత్తిడి: కాలిన మచ్చలకు కొలతలు తీసి కుట్టిన బిగుతు దుస్తులు, చెవికి ఒత్తిడి క్లిప్పులు. ఆ దుస్తులను స్నానానికి తప్ప రోజంతా, ఆరు నెలల నుంచి ఏడాదికి పైగా వేసుకోవాలి.

4. లేజర్, శీతల చికిత్స: లేజర్ ఎర్రదనాన్ని తగ్గించి, బిగిసిన మచ్చను సడలిస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం చిన్న కీలాయిడ్లకు పనిచేస్తుంది కానీ రంగు పోయే భయం ఎక్కువ.

5. ఆపరేషన్‌తోపాటు రేడియేషన్: మొండి కీలాయిడ్లకు కోసిన ఒకటి రెండు రోజుల్లోనే తక్కువ మోతాదు రేడియేషన్ మొదలుపెడతారు. తిరిగి వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా వాడరు.

కాలినప్పుడు

మరుగుతున్న సాంబారో, టీయో పిల్లల మీద ఒలికితే వెంటనే కుళాయి చల్లనీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా పెట్టకండి. రెండు వారాల్లోపు మానిన గాయానికి ఉబ్బెత్తు మచ్చ వచ్చే అవకాశం తక్కువ. మూడు వారాలు దాటినా మానకపోతే ఆ అవకాశం బాగా ఎక్కువ. అందుకే రెండు వారాలకు మానే సూచన లేకపోతే కాలిన గాయాల నిపుణులకు చూపించాలి. మెడ, చంక, మోచేయి, వేళ్ళ మడతల దగ్గర మచ్చ బిగుసుకుంటే కీలు వంగదు, చాచడానికి రాదు. మొదటినుంచీ వ్యాయామం, బద్దలు కట్టడం తప్పనిసరి. ఆలస్యమైతే చర్మం అతికించే ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

విటమిన్ ఇ, కొబ్బరినూనె

విటమిన్ ఇ మచ్చలను మాయం చేస్తుందని చాలామంది నమ్మకం. 1999లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో దానివల్ల లాభం కనబడలేదు, పైగా వాడినవారిలో మూడోవంతు మందికి చర్మం పొక్కి దద్దుర్లు వచ్చాయి. కొబ్బరినూనెతో మర్దన వల్ల దురద, పొడిదనం తగ్గుతాయి, మచ్చ మాత్రం పోదు. ఎండలో తిరిగేటప్పుడు మచ్చ మీద సన్‌స్క్రీన్ రాయండి, లేకపోతే నల్లబడుతుంది. మచ్చ మీద పుండు పడినా, రక్తం కారినా, ఏ గాయమూ లేనిచోట గడ్డ లేచినా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇన్సూరెన్సు మాట

మచ్చల వైద్యాన్ని "అందం కోసం" అని తిరస్కరించడం ఇన్సూరెన్సు కంపెనీలకు మామూలే. దురదతో నిద్ర పట్టకపోయినా, నొప్పి ఉన్నా, కీలు వంగకపోయినా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పి ఫైలులో రాయించండి. ఫోటోలు ఉంచుకోండి. వైద్యానికి ముందే అనుమతి తీసుకోండి.

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి. ఆవిడ నా మాట విని ఇండియాలో కోయించలేదు. అక్టోబరులో, నవంబరులో, తిరిగి వచ్చాక జనవరిలో ఇంజెక్షన్లు ఇచ్చాను. దురద పోయింది, కాయ సగానికి తగ్గింది. మిగిలింది పెళ్ళిలో చెంపసరాల చాటున ఎవరికీ కనబడలేదట. వేసవిలో తీరిగ్గా కోసి, నెలనెలా ఇంజెక్షన్లు, ఒత్తిడి క్లిప్పుతో వైద్యం సాగించాం. ఏడాది దాటింది, తిరిగి రాలేదు. రెండేళ్ళు నిండేదాకా చూపించుకుంటూ ఉండమన్నాను. అంతకన్నా ముందే "పోయింది" అని మాట ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, కోసిన తరువాత ఏం చేస్తారని ఒక్క ప్రశ్న అడగండి.

ఇవి అందరికీ పనికొచ్చే వివరాలు మాత్రమే. మీ మచ్చకు ఏది సరిపోతుందో మీ వైద్యులు చూసి చెప్పాలి.