అద్దాల తొట్లకు ముసలితనం



కొన్నేళ్ళ క్రితం మా బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళ్ళాను. ఊరి పేరూ, తోట పేరూ చెప్పను. రంగులరాట్నాలు, జారుడుబల్లలు, నీళ్ళ ఆటలు అన్నీ ఉన్న పెద్ద వినోదాల తోట అది. దాని మూలన ఒక అక్వేరియం ఉంది. లోపలికి పోతే సగం ట్యూబులైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. అద్దాలకు పచ్చగా పాచి పట్టింది. ఒక తొట్టి మీద ఏంజెల్ చేప అని బోర్డు ఉంది, లోపల తిరుగుతున్నవి బంగారు చేపలు. ఏడో తరగతి పిల్లవాడొకడు చాలాసేపు చూసి, "సార్, పాతబడింది చేపలా, తొట్టా?" అని అడిగాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను గాని, ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికొచ్చింది. అక్వేరియంలో పాతబడేది ఏది? దాన్ని కొత్తది చెయ్యాలంటే ఏం మార్చాలి? ఈ చేపల ప్రదర్శనశాలలకు దాదాపు నూట డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కువ భాగం కట్టడాల కథ కాదు, పాతబడినవాటిని ఏం చేశారన్న కథే.

1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రయోగం చేసి చూపాడు. గాజుపాత్రలో రెండు బంగారు చేపలు, ఒక నీటిమొక్క, కుళ్ళిన ఆకుల్ని తినడానికి కొన్ని నత్తలు వేశాడు. నీళ్ళు మార్చకుండానే ఈ మూడూ ఒకదాన్నొకటి బతికించుకున్నాయి. మూడేళ్ళకు, 1853లో, లండను జంతుప్రదర్శనశాలవారు జనం చూడడానికి చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ తన పుస్తకానికి పెట్టిన పేరుతో అక్వేరియం అన్న మాట అందరి నోళ్ళకూ ఎక్కింది. ఆ వెర్రి ఎంత త్వరగా పెరిగిందో అంత త్వరగానూ తగ్గింది. అయినా 1872లో బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో తెరిచిన అక్వేరియం మాత్రం ఈనాటికీ నడుస్తున్నది. దాని పాత కమానుల హాలును అట్లాగే ఉంచుకుని, లోపలి తొట్లనూ యంత్రాలనూ కాలానికి తగినట్టు మార్చుకుంటూ వచ్చారు. లండనులో 1924లో కట్టిన రెండో చేపలశాలను 2019లో మూసివేశారు.

ఇక మన సంగతి. 1909లో కృష్ణగిరి, హోసూరు అన్నీ సేలం జిల్లాలో ఉండేవి. జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఆ ఏడే మద్రాసు మెరీనా ఒడ్డున మన దేశపు తొలి అక్వేరియం తెరుచుకుంది. దాని వెనుక ఉన్న మనిషి ఎడ్గర్ థర్‌స్టన్, మద్రాసు మ్యూజియం అధిపతి. దక్షిణదేశపు కులాల గురించీ తెగల గురించీ ఏడు సంపుటాలు వెలువరించినవాడంటే మీలో చాలామందికి గుర్తుకొస్తాడు. అవి అచ్చయింది కూడా 1909లోనే. పల్లెల నుంచి మద్రాసు చూడబోయినవాళ్ళు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువుల తోటను బతికిన కాలేజీ అనీ పిలిచేవారు. ఆ లెక్కన మెరీనా చేపలశాల బతికిన కాలేజీకి ఒక శాఖే.

మన వైపు నుంచి పోవాలంటే 1905 నుంచి కృష్ణగిరి, తిరుపత్తూరుల మధ్య సన్నరైలు నడిచేది. తిరుపత్తూరులో మద్రాసు బండి ఎక్కవచ్చు. సముద్రం ఎరగని రాగిచేల రైతు, పామును మింగిన కొండచిలువను చూసినంత ఆశ్చర్యంగా, అద్దం వెనుక సముద్రపు చేపను చూసి ఉంటాడని నేను ఊహించుకుంటాను.

ఆ అక్వేరియం ముసలిదై పోలేదు, భయం వల్ల పోయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మద్రాసు హడలిపోయింది. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. బోనులు విరిగితే ప్రమాదమని జంతువుల తోటలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. సముద్రానికి ఎదురుగా ఉన్న చేపలశాలను కూడా ఆ ఏడే మూశారు. యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, ఆ శాల మాత్రం మునుపటి రూపంలో మళ్ళీ తెరుచుకోలేదు. మన సన్నరైలూ ఇంతే. యుద్ధం నాటికి పట్టాలు పోయాయి, కృష్ణగిరి పట్టణానికి ఆ తరువాత రైలు రాలేదు. కొన్నాళ్ళకే అని మూసిన తలుపుల్ని నేను అందుకే అంత తేలిగ్గా నమ్మను.

చెన్నైలో సొరంగంలాంటి అద్దాల దారిలో నడుస్తూ సముద్రపు చేపల్ని చూసే పెద్ద అక్వేరియం 2019లో వచ్చింది. తూర్పుతీర రహదారి మీద వి.జి.పి. వినోదాల తోట ఆవరణలో ఉన్న మెరైన్ కింగ్‌డమ్ అది. 1942కూ 2019కీ మధ్య డెబ్భై ఏడేళ్ళు. అంటే మూడు తరాలు.

ఈ అద్దాల సొరంగం కథ కూడా చెప్పుకోదగ్గదే. న్యూజిలాండులో కెల్లీ టార్ల్‌టన్ అనే గజ ఈతగాడు ఆక్లండులో వాడకుండా వదిలేసిన మురుగునీటి తొట్లను తీసుకుని అక్వేరియం చేశాడు. అవును, మురుగునీటివే! వంచిన అక్రిలిక్ పలకలతో సొరంగం కట్టి 1985 జనవరిలో తెరిచాడు. కొద్ది వారాలకే ఆయన చనిపోయాడు గాని ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. గాజు మందం పెరిగేకొద్దీ పచ్చదనం తేలుతుంది, బరువు పెరుగుతుంది. అక్రిలిక్ బరువు గాజులో సగం కూడా ఉండదు, ఎంత మందమైనా తేటగా ఉంటుంది. గీతలు మాత్రం ఇట్టే పడతాయి. పిల్లల చేతి గాజులూ, బెల్టు బకిల్సూ దానికి శత్రువులు.

పాతదాన్ని కొత్తది చెయ్యడంలో బొంబాయి అనుభవం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మెరీన్ డ్రైవ్ మీది తారాపోర్‌వాలా అక్వేరియాన్ని 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించారు. అరవై ఏళ్ళు దాటాక దాన్ని మూసి, బాగుచేసి, అద్దాల సొరంగం అమర్చి, రంగురంగుల దీపాలు పెట్టి 2015లో మళ్ళీ తెరిచారు. జనం విరగబడ్డారు. కాని 2020ల్లో ఆ భవనమే బలహీనపడిందని తేలి తలుపులు మళ్ళీ మూసుకున్నాయి. ఉప్పుగాలిలో, ఉప్పునీటిలో డెబ్భై ఏళ్ళు నానిన కాంక్రీటు అది. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే పైన ఎన్ని దీపాలు పెట్టి ఏం లాభం?

హోసూరుకు దగ్గరైనది బెంగుళూరు కబ్బన్ పార్కు దగ్గర 1983లో వచ్చిన ప్రభుత్వ అక్వేరియం. అత్తిబెలె దాటి బస్సులో రెండు గంటల లోపు దూరం. ఎనిమిది మూలల ఆ కట్టడాన్ని చూసి మా వైపు పిల్లలు తరతరాలుగా నోళ్ళు తెరిచారు. నలభై ఏళ్ళు దాటిన ఏ చేపలశాలకైనా గొట్టాలూ, పంపులూ, వైర్లూ మార్చే ఖర్చు తప్పదు. టికెట్టు డబ్బులతో ఆ ఖర్చు రావడం కష్టం. ఎక్కడైనా ఈ శాలలు వెనకబడేది ఇక్కడే.

మళ్ళీ నేను చెప్పిన తోట దగ్గరికి వద్దాం. మరుసటి ఏడు పిల్లలతో పోయేసరికి అక్వేరియం మెరిసిపోతున్నది. వాకిట్లో నోరు తెరిచిన సిమెంటు సొరచేప, గోడలకు నీలం రంగు, కొత్త అద్దాలు, కొత్త గులకరాళ్ళు. లోపల చూస్తే సగం తొట్లు ఖాళీ. ఉన్న చేపలు కూడా పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. అక్కడ చాలా కాలంగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరుంటే, "ఏమైంది తాతా?" అని అడిగాను.

"రాళ్ళు గూడా కడిగేసినారు సార్," అన్నాడాయన. "పాత రాళ్ళు పారేసి, తొట్లన్నీ బ్లీచింగు పౌడరు వేసి తోమినారు. వద్దంటే వినలేదు. మురికి అన్నారు. ఆ మురికిలోనే గదా సార్ వాటి ప్రాణముండేది."

ఆయన సైన్సు చదవలేదు. కాని నేను తొమ్మిదో తరగతిలో చెప్పే నత్రజని చక్రాన్ని రెండు మాటల్లో చెప్పేశాడు. చేప విడిచే మలినంలోనూ, మిగిలిపోయిన మేతలోనూ అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. గులకరాళ్ళకూ వడపోత స్పాంజికీ పట్టుకుని ఉండే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అది కొంతవరకు ప్రమాదం లేనిది, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే సరిపోతుంది. ఈ సూక్ష్మజీవులు ఒక తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నీ ఒక్కరోజున కడిగేస్తే నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేపలు మాత్రం చస్తాయి. పైగా మన దగ్గర కుళాయిలో వచ్చే హొగెనకల్ నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. తాగడానికి మనకు మేలు, చేపకూ ఈ సూక్ష్మజీవులకూ కీడు. ఆ నీళ్ళను వెడల్పాటి తొట్టిలో గాలి పట్టిస్తూ ఒకటి రెండు రోజులు నిలవ ఉంచాలి, లేదా లెక్కప్రకారం హైపో కలపాలి.

కాబట్టి ఆ పిల్లవాడి ప్రశ్నకు నా జవాబు ఇది. అక్వేరియంలో అద్దం పాతబడితే మార్చవచ్చు, పంపు పాతబడితే మార్చవచ్చు. నీటికి వచ్చిన వయసు మాత్రం నష్టం కాదు, ఆస్తి. మన ఇళ్ళలో తోడు చుక్క ఉంచుకోకుండా పెరుగుగిన్నె తోమేస్తామా?

మన కృష్ణగిరి ఆనకట్ట దగ్గర కూడా ఇలాంటి పాఠమే నేర్చుకున్నాం. 1957లో కామరాజ్‌గారు ముఖ్యమంత్రిగా ఉండగా ప్రారంభమైన ఆనకట్ట అది. ఎనిమిది గేట్లు. 2017 నవంబరులో మొదటి గేటు విరిగి నీళ్ళు వృథాగా పోయాయి. తరువాత ఆ గేటునూ, మిగతా ఏడింటినీ మార్చారు. అరవై ఏళ్ళుగా సెలవురోజున అక్కడికి పోయి పార్కులో కూర్చుని, వేడివేడి చేపల వేపుడు తిని వచ్చిన మనలో ఎంతమందిమి ఆ గేట్ల వయసు లెక్కపెట్టాం?

ఆ వేపుడు సంగతి వచ్చింది గనక ఒక మాట. మా తరగతిలో ఆనకట్ట చేపను బొమ్మ గీయమంటే నలుగురు పిల్లలు కారం పూసిన ముక్కను గీశారు. వాళ్ళకు తెలిసిన చేప అదే. చాలామటుకు అది జిలేబి చేప. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ జాతిని మన దేశానికి తెచ్చింది 1952లో. నంది కొండల వైపు నుంచి వచ్చే దక్షిణ పినాకినిలో, మన చెరువుల్లో అంతకుముందు నుంచే ఉన్న కొర్రమీను, వాలుగ, జెల్ల, పరిగెలను పిల్లలు బతికుండగా చూసింది తక్కువ. కెలవరపల్లి జలాశయం దగ్గర నీళ్ళు తెల్లగా నురగ కడుతున్నాయని ఈ మధ్య కాలంలో ఎన్నిసార్లు పత్రికల్లో చదివామో మీకు తెలుసు. వినోదాల తోటలవాళ్ళు చేపలశాలను బాగుచేసినప్పుడల్లా విదేశీ రంగుచేపల కోసం వెతుకుతారు. నాకైతే, ఒక్క తొట్టి అయినా మన నదికి వదిలితే బాగుంటుందనిపిస్తుంది.

మూడోసారి పోయినప్పుడు ఆ పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. కాంట్రాక్టరు కంటపడకుండా వెనక గదిలో ఒక పాత తొట్టిని కడగనివ్వకుండా దాచుకున్నాడట. దానిలోని రాళ్ళను పిడికెడు పిడికెడు తీసి ఒక్కో కొత్త తొట్టిలో వేసుకుంటూ వచ్చాడు. నేను చూసేసరికి పన్నెండు తొట్లలో పది నిండాయి. చివరి దాంట్లో పక్క చెరువు నుంచి తెచ్చిన కొర్రమీను ఒకటి, నల్లగా, బద్ధకంగా, అడుగున పడుకుని ఉంది. దానికి బోర్డు లేదు. మా పిల్లలు ఒక అట్టముక్క మీద తెలుగులో, తమిళంలో పేరు రాసి అద్దం కింద ఆనించి వచ్చారు.

సెలవు.