ఉద్వాసనకు ముందు విచారణ

పూజ ముగిసిన పిదప దేవతను సాగనంపుటకు ఉద్వాసన యని పేరు. లోకవ్యవహారములో ఆ మాట కొలువు నుండి తొలగించుటకు వాడుకయైనది. దేవతకైనచో ఉపచారములన్నియు జరిగిన తరువాతనే ఉద్వాసన. ఉద్యోగికి మాత్రము ఒక్కొక్కప్పుడు కారణమైనను చెప్పకయే అది జరిగిపోవును. ఆ కారణము నడుగు హక్కు ఎట్లు రూపుదిద్దుకొన్నదో తెలిసికొనుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రలోని ఒక ఘట్టము మనకు దారి చూపును.

1918లో నెలకొన్న ఆ విశ్వవిద్యాలయమునకు 1959లో నూతన చట్టము వచ్చినది. వైస్-ఛాన్సలర్ పదవీకాలము ఐదేండ్లు. దుష్ప్రవర్తనగాని అసమర్థతగాని రుజువైననే తప్ప ఆయనను తొలగింపరాదు. ఆ విచారణ జరుపువారు హైకోర్టునగాని సుప్రీంకోర్టునగాని న్యాయమూర్తిగా ఉన్నవారో, ఉండినవారో కావలెను. తన వాదము చెప్పుకొను అవకాశము ఆయనకు ఈయవలెను. డాక్టర్ డి.ఎస్. రెడ్డి 1964 ఏప్రిల్ 30న ఈ చట్టము క్రింద మరల ఐదేండ్లకు నియమితులైరి.

కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 1966లో శాసనసభ ఆ చట్టమును రెండుమారులు సవరించినది. మొదటి సవరణ పదవీకాలమును మూడేండ్లకు తగ్గించెను. రెండవ సవరణలోని 13-ఏ సెక్షను మరింత చిత్రమైనది. అప్పటికి పదవిలో ఉన్న వైస్-ఛాన్సలర్ కొత్తవారు నియమితులగువరకు మాత్రమే ఉండవలెను; ఆ నియామకము తొంబది దినములలో జరుగవలెను. నేరారోపణ లేదు, విచారణ లేదు. పేరు పెట్టకున్నను, ఆ సెక్షను వర్తించునది ఒక్క మనిషికే!

హైకోర్టులో ఓడిన రెడ్డిగారు సుప్రీంకోర్టునకు పోయిరి. రాబోవు వైస్-ఛాన్సలర్లందరికి విచారణ అను రక్షణ నిలిపియుంచి, ఉన్న ఒక్కరికి మాత్రము దానిని లేకుండ చేయుట రాజ్యాంగపు 14వ అధికరణము చెప్పు సమానత్వమునకు విరుద్ధమని ధర్మాసనము తీర్మానించెను. తీర్పు వ్రాసినవారు జస్టిస్ వైద్యలింగం. 13-ఏ సెక్షను కొట్టివేయబడినది.

ఇంతటితో కథ సుఖాంతమనుకొందుమా? వైస్-ఛాన్సలరునకు చట్టములో ప్రత్యేక రక్షణ యుండెను. అదే కాలమున విశ్వవిద్యాలయపు బస్సు నడుపు డ్రైవరునకో? 1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయ వ్యవహారములో ఈ ప్రశ్న వచ్చినది. బస్సులు నష్టములో నడచుచున్నవని డ్రైవర్లను తొలగింపగా, పారిశ్రామిక వివాదముల చట్టము క్రింద వారు పరిహారము కోరిరి. విద్యాలయము పరిశ్రమ కాదని చెప్పి సుప్రీంకోర్టు ఆ కోరికను త్రోసిపుచ్చెను. పెద్ద కుర్చీకి దొరికిన న్యాయము స్టీరింగు పట్టిన చేతికి దొరకలేదు. పదునైదేండ్ల తరువాత, 1978లో, బెంగుళూరు నీటి సరఫరా మండలి కేసున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ అభిప్రాయమును త్రోసివేసి, విద్యాసంస్థలను కూడ పరిశ్రమ యను నిర్వచనములోనికి తెచ్చెను.

ఇక ఒప్పందపు షరతుల మాట. మూడు నెలల నోటీసు ఇచ్చి పర్మనెంటు ఉద్యోగినైనను, కారణము చెప్పకయే, పంపివేయవచ్చునను నియమము కలకత్తాలోని ఒక ప్రభుత్వ జలరవాణా సంస్థలో ఉండెను. 1986లో సుప్రీంకోర్టు అది చెల్లదనెను. ఆకలిగొన్నవాడు పెట్టిన సంతకమును బలవంతుడు చూపి, ఇదిగో నీ అంగీకారమనుట న్యాయము కాదని ఆ తీర్పు సారము.

అయినను హక్కు పుస్తకములో ఉండుట వేరు, చేతికందుట వేరు. విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఆనుకొన్న తార్నాకలో ఆర్టీసీ కార్మికుల ఆసుపత్రి కలదు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, గడువులోగా విధులకు రానివారు తమంత తామే కొలువు వదలుకొన్నట్లేనని ప్రభుత్వము ప్రకటించెను. ఆ మాట పడినవారు ఇంచుమించు 48,000 మంది. ఒక్కొక్కరి విషయము విచారింపకయే ఇన్ని వేల కుటుంబముల అన్నము అనిశ్చితిలో పడినది. 52 దినములకు సమ్మె ముగిసినది. నవంబరు 29 నుండి వారిని మరల విధులలోనికి తీసికొనిరి. ఆ ఊరట ప్రభుత్వ నిర్ణయము వలన వచ్చినది. విచారణ ఫలితముగా వచ్చినది కాదు.

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు బదులు 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధముల సంహిత అమలులోనికి వచ్చినది. పని తగ్గి కార్మికుని తీసివేయవలసివచ్చినచో, ఏడాది ఎడతెగక పనిచేసినవానికి నెల నోటీసుగాని నెల జీతముగాని ఈయవలెననియు, సేవచేసిన ప్రతి ఏటికి పదునైదు దినముల సగటు వేతనము పరిహారముగా ఈయవలెననియు పాత చట్టము చెప్పిన మాట కొత్తదానిలోను నిలిచియున్నది.

కావున ఉత్తరువు చేతికందినప్పుడు మనమడుగవలసినవి మూడు: కారణమేమి? మా మాట ఎవరు వినిరి? మాకు రావలసినదేమి? ఉపాధి యనునది దయాధర్మము కాదు. వైస్-ఛాన్సలరైనను డ్రైవరైనను, వినకుండ శిక్షింపరాదన్న సూత్రము ఇద్దరికి సమానముగా అందిననాడే దానికి న్యాయమను పేరు తగును.