కాకతీయ నగల పునఃసృష్టి

కాకతీయుల కాలపు (12–14 శతాబ్దాలు) ఆభరణాలను ఆనాటి రూపంలోనే, తరాల తరబడి ఒంటిమీద అరిగిన నగల్లా కనిపించేటట్టు మళ్ళీ చేసే పని. బజారులో దీనికి దగ్గరగా వాడే మాట ‘యాంటిక్ ఫినిష్’. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ నుంచి గండిమైసమ్మ, మేడ్చల్ వైపు చిన్న దుకాణాల దాకా అది వినిపిస్తుంది గాని, రెండూ ఒకటి కావు.

ఆధారాలు

పాతబడిన బంగారు నగ పెట్టెలో ఉండదు, మూసలోకి వెళ్తుంది. నాయనమ్మ కంటె మనవరాలి పెళ్ళికి గొలుసవుతుంది. దానికి తోడు, ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడి తర్వాత 1310లో చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సంపద ఢిల్లీకి తరలిపోయింది. 1323లో రాజధాని ఓరుగల్లే పడిపోయింది. అందుకే కంసాలికి నమూనా ముఖ్యంగా రాతిలో దొరుకుతుంది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి (1213) మదనికల (స్త్రీమూర్తుల) మీద హారాలు, దండకడియాలు, మొలనూళ్ళు, అందెలు నల్లరాతిలో ఎంతో నిశితంగా చెక్కి ఉన్నాయి. రాయి చెప్పనివి రంగు, బరువు, నగ వెనకవైపు. వీటికి కొంతవరకు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’ సాయపడుతుంది. రత్నాలు, నగలు, మైనపు అచ్చుతో పోత పోయడం 12వ శతాబ్దపు ఆ గ్రంథంలో ఉన్నాయి. కాకతీయులు స్వతంత్రులు కాకముందు ఆ చాళుక్యుల సామంతులే.

కాకతీయ రాణి రుద్రమ కథతో గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’ (2015) సినిమాకు చెన్నై ఎన్‌ఏసీ జ్యువెలర్స్ అసలు బంగారంతోనే నగలు చేసింది. తెర మీదికి అవి అరిగినట్టు కాక కొత్త మెరుపుతో రావడం సబబే. రుద్రమ తొడుక్కున్న రోజున ఆమె నగలూ కొత్తవే కదా.

తయారీ

రేకును లక్క మీద పరిచి, వెనకనుంచి ఉబ్బించి, ముందునుంచి సన్నని ఉలులతో తీర్చే నకాషీ పని దీనికి ప్రాణం. జనగామ దగ్గర పెంబర్తి వారు ఇత్తడి రేకు మీద చేసేది ఇలాంటి పనే. రాళ్ళ దగ్గరే చాలామంది తప్పుతారు. ఆనాటి కెంపుకు పట్టెలు ఉండవు, గుండ్రంగా నునుపు పట్టి ఉంటుంది. గూడు వెనక మూసి ఉంటుంది. నేటి కోత వజ్రం ఒక్కటి పొదిగినా నగ కాలం మారిపోతుంది.

వయసు తేవడం

వెండి నల్లబడేది గాలిలోని గంధక వాయువుల వల్ల. గంధకాన్ని పొటాషియం కార్బొనేట్‌తో కరిగించిన ముద్దను గోరువెచ్చని నీటిలో కలిపి వెండిని ముంచితే ముందు పసుపుగా, తర్వాత గోధుమగా, చివరికి నల్లగా మారుతుంది. మేలిమి బంగారం దీనికి లొంగదు. 22 క్యారెట్లలో ఉన్న కొద్దిపాటి రాగి, వెండి మాత్రమే కాస్త మసకబారతాయి. అందుకే అంగళ్ళలో నల్లపూత పూస్తారు. నగంతా ఒకేలా మసిబారి నిలువునా అబద్ధమాడుతుంది. పాత బంగారపు మెత్తని పసుపు కావాలంటే ఉప్పు, పటిక, సురేకారం కలిపి కాచే పాత పద్ధతి మేలు: పైపొరలోని రాగి, వెండి పోయి ఛాయ తేలుతుంది.

కాలం నగకు రంగు పూయదు, అరగదీస్తుంది. పదకం మీది లక్ష్మి ముక్కు ముందు చదునవుతుంది, తర్వాత మోకాళ్ళు. కిరీటం వెనక గుంటల్లో మాత్రం నూనె, పసుపు, దుమ్ము గట్టిపడి ఉంటాయి. కొక్కెం వేలాడే రంధ్రం బరువుకు కోలగా సాగుతుంది. కడియం లోపలి అంచు మణికట్టు రాపిడికి అద్దంలా నునుపెక్కుతుంది. ఇవి రావాలంటే ఉబ్బెత్తు భాగాలను కుంకుడు నురుగుతో, మెత్తని తోలుతో, నూలుగుడ్డతో రోజుల తరబడి రుద్దాలి, అదీ చర్మం, చీర తగిలే చోటే. ఎక్కడ తగులుతుందో తెలియాలంటే చేసినవారు నగను ఒకసారి తొడిగి చూడాల్సిందే.

చట్టం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నగ పురావస్తువు కిందికి వస్తుంది. కొత్తగా చేసినదాన్ని అసలుదని అమ్మడం మోసం. 2021 నుంచి బంగారు నగలకు దశలవారీగా తప్పనిసరైన హాల్‌మార్క్, దానితోపాటు వచ్చిన అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ గుర్తు ఈ విషయంలో మంచి రక్ష. పనివాడు ఎంత అరగదీసినా ఆ ముద్రను మాత్రం చెరపకూడదు.